ఖాళీ పికప్ వానలో వెనక జారుతోంది: టైర్లా, బ్రేకులా, కమాన్లా?

సెమిలిగుడ పికప్:

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. కుందులి సంతలో అల్లం, క్యాబేజీ, చిలగడదుంప కొని సాలూరు, విజయనగరం దింపుతుంటాను. బండి డీజిల్ పికప్, టన్నున్నర మోసే రకం, 2017 మోడల్, వెనక చక్రాల డ్రైవ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు లాకవకుండా చూసేది) లేదు. కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ తరగతి బళ్లన్నిటికీ అమరిక దాదాపు ఒకటే కదా. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు, వెనక కమాన్ కట్టలు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు).

ఇబ్బంది వానలోనే, అదీ ఖాళీ ట్రేలతో తిరిగొచ్చేటప్పుడే. లోడుతో సుంకి ఘాటీ (కొండ రోడ్డు) దిగుతుంటే ఎంత వాన పడినా బండి అటూ ఇటూ కదలదు. ఖాళీ అయితే చాలు, వెనక భాగం నా మాట వినదు.

రెండు చోట్ల ఇలా అవుతోంది. సాలూరు దాటి పి.కోనవలస వైపు వచ్చే తిన్నని రోడ్డు మీద 50లో వస్తూ, ఆవులు అడ్డం వచ్చాయనో, ముందు ఆటో ఆగిందనో బ్రేకు వేస్తే వెనక భాగం ఎడమకు పోతోంది. గట్టిగా తొక్కక్కర్లేదు, మామూలుగా తొక్కినా పోతోంది. ఇంకోటి ఘాటీ ఎక్కేటప్పుడు. హెయిర్‌పిన్‌లో రెండో గేరు, సగం మలుపు తిరిగాక గ్యాసు ఇస్తాను (యాక్సిలరేటర్ తొక్కుతాను) కదా, టర్బో అందుకునే సమయానికి వెనక చక్రాలు తిరిగిపోయి తోక మలుపు బయటి వైపుకు జారుతోంది. ఎదురుగా రాయపూర్ వైపు నుంచి వచ్చే లారీలు వరసగా దిగుతుంటాయి. పక్క సీట్లో మా తమ్ముడు ఉంటాడు. ఈ వానాకాలం ఇంటికి చేరేదాకా టెన్షనే.

టైర్ల సంగతి: ముందు రెండూ కొత్తవి. ముందున్న పాతవాటిలో ఒకటి వెనక ఎడమకు వేశారు. వెనక కుడిది అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేయించినది. వెనక గాలి ఎప్పుడూ 65 పీఎస్‌ఐ కొట్టిస్తాను, లోడు ఉంటుంది కాబట్టి.

ఒక మెకానిక్ నాలుగు టైర్లూ మార్చమన్నాడు. ఇంకొకరు షాకులు పోయాయన్నారు. మరొకరు హౌసింగ్ (వెనక ఇరుసులోని గేర్ల డబ్బా) విప్పి చూడాలన్నారు. అన్నీ చేయిస్తే సీజన్ లాభం అక్కడే పోతుంది. ఏది అసలు కారణమో డబ్బు పెట్టకముందే తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుణుపురం డ్రైవర్:

అన్నా, ఖాళీ పికప్ వానలో జారడం కొత్తేమీ కాదు. ఇంజిన్, క్యాబిన్ అంతా ముందే, వెనక ఉత్త తొట్టి. నేను వానాకాలమంతా తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతాను, వెనక ఇరుసు మీదకు వచ్చేలా పడుకోబెట్టి తాడుతో కట్టేస్తాను. కట్టకపోతే మాత్రం బ్రేకు వేసినప్పుడు అవే వచ్చి క్యాబిన్‌ని గుద్దుతాయి.

ఇంకో మాట. ఎండల తర్వాత పడే మొదటి వానకు రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైరు రబ్బరు తేలి జారుడుగా తయారవుతుంది. ఆ మొదటి అరగంట ఎక్కడైనా బండి ఆపుకుని టీ తాగడం మేలు. జోరుగా పడి కడిగేశాక రోడ్డు కాస్త నయమవుతుంది.

సాలూరు కమాన్ పని:

సెమిలిగుడ తమ్ముడూ, ఇంకా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకు. నేను సాలూరులో లారీలకు, పికప్‌లకు కమాన్లు, బ్రేకులు చేస్తాను. ఇక్కడి 43 నంబరు జాతీయ రహదారి 26 నంబరు కాకముందు నుంచీ ఇదే పని. ఘాటీ దిగి వచ్చే బళ్లు ముందు మా దగ్గరే ఆగుతాయి.

"వెనక జారింది" అని వచ్చిన ప్రతి డ్రైవరునూ నేను ముందు అడిగేది ఒక్కటే: జారినప్పుడు నీ కాలు ఎక్కడుంది? బ్రేకు మీదా, గ్యాసు మీదా, అప్పుడే క్లచ్ వదిలావా, లేక ఏదీ తొక్కకుండా మలుపు తిరుగుతుంటే జారిందా? ఈ నాలుగింటికీ కారణాలు వేరు. అందరూ జారుడు అన్న ఒక్క మాట విని టైర్ల దగ్గరికి పోతారు. నువ్వు రాసినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. తిన్నని రోడ్డు మీదది బ్రేకు జబ్బు. ఘాటీలోది గ్యాసు జబ్బు. రెండిటినీ కలిపి ఒకే మందు వేయాలని చూసినందుకే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు.

ముందు బ్రేకు సంగతి, ప్రాణం మీదకు వచ్చేది అదే. తిరుగుతున్న చక్రం బండిని పక్కకు పోకుండా పట్టుకుంటుంది. లాకైన చక్రానికి పక్క పట్టు ఉండదు, ఎటు తోస్తే అటు జారుతుంది. ముందు చక్రాలు లాకైతే స్టీరింగ్ పనిచేయదు కానీ బండి తిన్నగానే పోతుంది. వెనకవి ముందుగా లాకైతే వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది, బండి తిరిగిపోతుంది. అందుకే కంపెనీవాళ్లు ముందు చక్రాలే ముందు లాకయ్యేలా బ్రేకు పంచుతారు. బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలుతుంది, ఖాళీ బండికి వెనక మిగిలేది చాలా తక్కువ, దానికి తోడు తడి రోడ్డు. అక్కడ వెనక డ్రమ్ములకు లోడు బండికి ఇచ్చినంత ఆయిలు ప్రెజరు ఇస్తే లాకవక ఏమవుతాయి?

దాన్ని తగ్గించడానికే మీ బండి లాంటివాటికి లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. మా షెడ్లలో ఎల్ఎస్‌పీవీ అంటాం. వెనక ఇరుసుకు పైన ఛాసీకి బిగించి ఉంటుంది, దాని నుంచి ఒక రాడ్డో స్ప్రింగో దిగి ఇరుసుకు తగులుకుని ఉంటుంది. లోడు వేస్తే ఛాసీ కిందికి దిగుతుంది, రాడ్డు వాల్వును నొక్కుతుంది, వెనక బ్రేకుకు ప్రెజరు పెరుగుతుంది. ఖాళీ అయితే ఛాసీ లేస్తుంది, ప్రెజరు తగ్గుతుంది. అంతే దాని పని. ఈ రాడ్డు వంగినా, తుప్పు పట్టి బిగుసుకుపోయినా, కమాన్లు వాలిపోయి ఛాసీ కిందే ఉండిపోయినా, ఎవరైనా చెయ్యి పెట్టినా, వాల్వు ఎప్పుడూ లోడు ఉన్నట్టే అనుకుంటుంది. లోడుతో బాగుండి ఖాళీలోనే జారుతోందని నువ్వు రాయగానే నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. నువ్వు బండి కిందికి దూరి ముందు చూడాల్సింది ఆ రాడ్డునే.

పరీక్ష ఇలా చెయ్యి. సంత లేని రోజు మైదానం ఖాళీగా ఉంటుంది కదా, వాన పడి నేల తడిసినప్పుడు మనుషులు, పశువులు లేకుండా చూసుకుని ఖాళీ బండితో 20, 25 స్పీడులో తిన్నగా పోయి బ్రేకు వెయ్యి. మీ తమ్ముణ్ని దూరంగా పక్కన నిలబెట్టి ఏ చక్రం ముందు ఆగిపోయి జారుతోందో చూడమను. ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది, నెమ్మదిగా వేసి చూడొచ్చు. వెనకవి ముందు ఆగితే జబ్బు ఖాయం. కుడి, ఎడమల్లో ఒక్కటే ఆగితే వాల్వు కాదు, ఆ చక్రం డ్రమ్ములోనే ఏదో ఉంది.

డ్రమ్ములో చూడాల్సింది ఏంటంటే, వీల్ సిలిండర్ కారుతోందా, హౌసింగ్ చివర ఆయిల్ సీల్ పోయి గేరాయిలు లైనర్ల (డ్రమ్మును పట్టి ఆపే మెత్తల) మీదకు వస్తోందా అని. ఆయిలు తడిసిన లైనరు సరిగ్గా పట్టదని అందరికీ తెలుసు. కొంచెమే తడిస్తే అది ఒక్కసారిగా కరుచుకుపోవడం కూడా ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ కేబులు ఒకవైపు తుప్పు పట్టి వెనక్కి రాకపోయినా ఇదే గోల. ఎక్కువ బ్రేకు వాడకుండా కొంత దూరం నడిపి ఆపాక రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చుకో. తాకకు, దగ్గరగా పెడితే తెలిసిపోతుంది. డ్రమ్ము ఊడదీస్తే లోపలి దుమ్ము గాలి కొట్టి ఊదొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతో తుడవండి.

తోక ఎప్పుడూ ఎడమకే పోతోంది కాబట్టి ఎడమ బ్రేకే తప్పు అనుకోకు. మన రోడ్లు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి, మనం నడిపేది ఎడమ పక్క. వెనక రెండూ లాకైతే బండి వాలుకే పోతుంది, అంటే ఎడమకే. నిజంగా వెనక ఎడమ చక్రం ఒక్కటే కరుచుకుంటే ముక్కు ఎడమకు లాగి తోక కుడికి పోతుంది. అందుకే పరీక్ష సమంగా ఉన్న నేల మీద చెయ్యాలి.

ఎలాగూ కిందికి దూరినప్పుడు కమాన్లు కూడా చూడు. కమాన్లను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులుగా ఉన్నాయా, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగిందా, షాకిల్ బుష్‌లు అరిగాయా. సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒకవైపు వెనక్కి జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది, ఖాళీలో ఏ కాస్త కదిలినా వెనక భాగం సొంతంగా స్టీరింగ్ తిప్పినట్టు పోతుంది. దీనికి పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు చక్రం హబ్ నడిమి నుంచి వెనక చక్రం హబ్ నడిమికి టేపు పట్టి కొలువు. రెండు పక్కలా కొలత ఒకటే ఉండాలి. వేలెడు తేడా కనిపిస్తే ఇక టైర్ల గురించి మాట్లాడక్కర్లేదు, ముందు ఇరుసును దాని చోటికి తేవాలి.

ఇక ఘాటీలో గ్యాసు మీద జారడం. 65 గాలి లోడుకు సరే. ఖాళీలో అదే గాలి ఉంటే టైరు ఉబ్బి నడిమి ముక్క మాత్రమే రోడ్డుకు ఆనుతుంది, కమాన్లు కూడా బిగుసుకుని ఉంటాయి, చిన్న గతుకుకే చక్రం ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రానికి పట్టేం ఉంటుంది? పొడి రోజున సిమెంటు రోడ్డు మీద వెనక టైర్లకు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి నాలుగడుగులు ముందుకు నడుపు. గీత నడిమిలోనే చెరిగి రెండు చివర్లూ అలాగే ఉంటే గాలి ఎక్కువ. డోరు దగ్గర స్టిక్కర్ మీదో, కంపెనీ పుస్తకంలోనో ఖాళీకి, లోడుకి గాలి వేరుగా ఇస్తే అదే పాటించు, దానికంటే తగ్గించకు. సరుకు దింపాక సాలూరులో గాలి తగ్గించుకుని, మళ్లీ లోడు వేసేముందు కొట్టించుకోవడం విసుగే, కానీ వానాకాలం ఆ విసుగు పడాలి.

వెనక ఒక పక్క రబ్బరు టైరు, ఒక పక్క మామూలుది అన్నావు. ఒక చక్రమే తిరిగిపోతుంటే బండి ముందుకు పోదు, కానీ రెండోది పక్కకు పట్టుకుని ఉంటుంది కాబట్టి తోక మరీ పోదు. నీ తోక పోతోందంటే రెండూ పట్టు వదిలేస్తున్నాయి. హౌసింగ్ విప్పాల్సిన పని నాకైతే కనిపించడం లేదు. మలుపులోకి దిగకముందే గేరు మార్చేసి, తిరిగేంతసేపూ గ్యాసు ఒకే తీరుగా ఉంచి, బండి తిన్నబడ్డాక పెంచు. రెండో గేరులో వణుకుతూ టర్బో ఒక్కసారిగా అందుకోవడం కంటే, మలుపు బిగువైతే ముందే మొదటి గేరులో నెమ్మదిగా తిరగడం మంచిది.

నువ్వు అడగలేదు కానీ క్లచ్ గురించి కూడా రాస్తాను, ఖాళీగా దిగే రోజు కూడా వస్తుంది కదా. వాలులో మూడు నుంచి రెండుకు మార్చి క్లచ్ టప్పున వదిలితే ఇంజిన్ బ్రేకు మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద అది హ్యాండ్ బ్రేక్ లాగినట్టే. స్పీడు తగ్గించాకే గేరు దించి, క్లచ్ మెల్లగా వదులు.

జారడం మొదలైందంటే బ్రేకు మీంచి కాలు తియ్యి, క్లచ్ నొక్కు, తోక ఎటు పోతోందో స్టీరింగ్ అటే తిప్పు, బండి కుదురుకోగానే వెంటనే తిన్నగా తీసుకో. ఎక్కువ తిప్పి ఉంచేస్తే రెండో వైపుకు కొడుతుంది.

సునాబేడ వాసి:

పైన అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతాను, కొందరు ఇలాంటిది వినగానే "టైర్ల కింద నీళ్లు చేరి బండి తేలిపోయింది" అంటారు. అది వేరు. నాసాలో 1960లలో విమాన టైర్ల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చిన లెక్క ఒకటుంది: టైరు గాలి పీఎస్‌ఐలో ఎంతో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, నిలిచిన నీటిలో టైరు తేలడం మొదలయ్యే వేగం నాట్లలో వస్తుంది. 36 పీఎస్‌ఐకి 54 నాట్లు, అంటే గంటకు 100 కిలోమీటర్లు. 25 పీఎస్‌ఐకి కూడా 83 దాకా వస్తుంది. టైరు గాడులు అరిగిపోయి, రోడ్డు మీద నీళ్లు మందంగా నిలిచిన చోట వర్తించే లెక్క ఇది. ఖాళీ లారీల టైర్లు రోడ్డుకు ఆనే ముక్క పొట్టిగా ఉంటుంది కాబట్టి వాటికి ఇంకాస్త తక్కువ వేగంలోనే రావచ్చు. అయినా మామూలుగా తడిసిన రోడ్డు మీద 50లో, ప్రతిసారీ బ్రేకు వేస్తేనే, వెనక మాత్రమే పోతోందంటే అది తేలడం కాదు. హెయిర్‌పిన్‌లో 15, 20 వేగానికి అసలే కాదు.

బరంపురం టైర్లు:

టైర్లు చూసేవాడిగా నా మాట. కొత్త టైర్లు రెండే కొంటే అవి వెనక్కి వెయ్యాలి. ఇది చెప్తే షాపుకు వచ్చినవాళ్లలో సగం మంది ఒప్పుకోరు, అయినా చెప్తూనే ఉంటాను. ముందు టైర్లు పట్టు వదిలితే స్టీరింగ్ తేలికైపోతుంది, చేతికి తెలుస్తుంది, కాలు తీస్తే మళ్లీ పట్టుకుంటాయి. వెనకవి వదిలితే కబురు వచ్చేసరికే బండి అడ్డం తిరిగి ఉంటుంది. మీ బండికి ముందు కొత్తవి, వెనక పాతవి. వానకు సరిగ్గా తలకిందులుగా ఉంది.

టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. దాని తిన్నగా గాడిలోకి చూస్తే చిన్న రబ్బరు దిబ్బ కనిపిస్తుంది. ట్రెడ్డు దానికి సమంగా అరిగితే లోతు 1.6 మి.మీ.కి వచ్చిందని, మార్చాల్సిందే. వానకైతే అంతదాకా ఆగొద్దు, 3 మి.మీ. దగ్గర పడినప్పటి నుంచే నీళ్లు తోసే శక్తి బాగా తగ్గిపోతుంది. గాడి లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే ఉపయోగం లేదు. పక్కన కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గోరుతో నొక్కి చూడండి, గట్టిపడి చిన్న చిన్న పగుళ్లు ఉంటే తడి రోడ్డు మీద అది జారుతుంది. రబ్బరు వేయించిన టైరుకు పైరబ్బరు కొత్తదైనా లోపలి టైరు వయసు ఈ అంకెలే చెప్తాయి.

రబ్బరు టైరు తప్పని నేననను, బాగా వేసినది లోడుకు నడుస్తుంది. కానీ ఒకే ఇరుసు మీద ఒకటి ఇది, ఒకటి అది వద్దు. జత సమంగా ఉండాలి.

పర్లాకిమిడి రవాణా:

బరంపురం వారూ, మీ మాట కాదనను గానీ, ముందు టైరు పేలితే బండి లోయలోకి పోతుంది. మేమంతా కొత్తవి ముందే వేస్తాం. మా నాన్నగారి కాలం నుంచీ అంతే.

బరంపురం టైర్లు:

అన్నయ్యా, మీ భయం అర్థమైంది, అందుకే ముందు పేలిపోయే స్థితిలో ఉన్నవి ఉంచమని ఎవరూ చెప్పరు. టైర్లు ఎక్కువగా పేలేది గాలి తక్కువై, లోడు ఎక్కువై వేడెక్కి, లేదా పక్కగోడ దెబ్బతిని. అలాంటిది ముందూ పనికిరాదు, వెనకా పనికిరాదు. నేను చెప్పేది నాలుగూ ఆరోగ్యంగా ఉండి, రెండు ఎక్కువ అరిగి, రెండు తక్కువ అరిగినప్పటి మాట. ఎక్కువ ట్రెడ్డు ఉన్నవి వెనక.

సెమిలిగుడ పికప్:

అందరికీ చాలా థ్యాంక్స్. సాలూరు అన్నగారూ, మీరు చెప్పిన చోటికే వెళ్లి చూశాను.

ఆ రాడ్డు ఇరుసుకు తగులుకుని లేదు. దాన్ని పైకి లాగి ఛాసీ బ్రాకెట్టుకు బైండింగ్ వైరుతో కట్టేశారు. ఇళ్లకు సెంట్రింగ్‌లో కడతారే, ఆ తీగే, మూడు చుట్లు చుట్టి పట్టకారుతో మెలి తిప్పారు. తుప్పు చూస్తే ఎప్పుడో కట్టినట్టుంది, నా ముందు ఓనరు హయాంలోనే. రాడ్డు చివర రబ్బరు బుష్ లేదు. ఇంకోటి కూడా చూశాను, కమాన్ కట్టల్లో రెండు పక్కలా ఒక్కో పట్టీ కంపెనీది కాదు, రంగు వేరు, మందం ఎక్కువ.

మైదానంలో వీడియో తీశాం. వెనక రెండు చక్రాలూ ముందుగా ఆగిపోయి జారుతున్నాయి, ముందువి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. స్పష్టంగా కనిపిస్తోంది. టేపుతో కొలిస్తే రెండు పక్కలా ఒకటే వచ్చింది. డ్రమ్ముల వేడి కూడా సమానం. సుద్ద గీత నడిమిలోనే చెరిగింది, రెండు అంచులూ గీసినవి గీసినట్టే ఉన్నాయి. వెనక ఎడమ టైరు అంకెలు చూస్తే 2016 తయారీ.

ఇప్పుడు ఆ తీగ తెంపేసి రాడ్డు కింద తగిలించేస్తే సరిపోతుందా? రేపు క్యాబేజీ లోడు ఉంది.

సాలూరు కమాన్ పని:

తమ్ముడూ, ఆగు. తీగ తెంపి లోడు వేసుకుని ఘాటీ దిగొద్దు. ఇది జాగ్రత్తగా చదువు.

ఏం జరిగిందో నీ మాటల్లోనే ఉంది. ముందు ఓనరు ఎక్కువ లోడు వెయ్యడానికి పట్టీలు కలిపాడు. దాంతో ఛాసీ పైకి లేచింది. లోడు వేసినా కిందికి దిగాల్సినంత దిగదు. వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనకకు ప్రెజరు తక్కువ ఇచ్చింది. లోడుతో ఘాటీలో బ్రేకు సరిగ్గా అందలేదు, ముందు డిస్కులు కాలిపోయి ఉంటాయి. అప్పుడు ఎవరో రాడ్డును పూర్తి లోడు చోటికి లాగి కట్టేశారు. లోడుకు బ్రేకు బాగా పట్టింది, వాళ్ల పని అయిపోయింది. ఖాళీగా వానలో వచ్చే డ్రైవరు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇలాంటి తీగలు నా చేత్తో తెంపినవి చాలానే ఉన్నాయి, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఒకరి ప్రాణాన్ని బైండింగ్ వైరుకు కట్టడమే ఇది.

ఇప్పుడు నువ్వు తీగ మాత్రమే తెంపితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పట్టీలు అలాగే ఉంటాయి కాబట్టి లోడుతో దిగేటప్పుడు వెనక బ్రేకు తక్కువ పడి, భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. సుంకి నుంచి కిందిదాకా అలా దిగితే ముందు బ్రేకు వేడికి పెడల్ మెత్తబడిపోతుంది. అది ఇప్పటి జారుడు కంటే పెద్ద ప్రమాదం. రేపటి క్యాబేజీ వేరే బండికి ఎక్కించు, నష్టమైనా సరే.

చెయ్యాల్సిన వరస ఇది. ఆ అదనపు పట్టీలు తీయించి కంపెనీ లెక్కకు కమాన్లు కట్టించు, కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ బోల్టులు వేయించి, లోడుతో కొంత తిరిగాక మళ్లీ బిగింపు చూపించు. తర్వాత రాడ్డుకు కొత్త బుష్ వేసి ఇరుసుకు తగిలించాలి. అన్నేళ్లు ఒకే చోట కట్టేసి ఉంది కాబట్టి వాల్వు లోపల పిస్టను బిగుసుకుపోయి ఉండొచ్చు. చేత్తో లివరు కదిపితే మెత్తగా వెళ్లి రావాలి. రాకపోతే, లేదా చుట్టూ బ్రేకాయిలు తడి కనిపిస్తే, వాల్వే మార్చాలి, విప్పి గీకి మళ్లీ పెట్టించుకోకు. సెట్టింగు కంటి అంచనాతో వద్దు, మీ మోడలుకు ఖాళీ బండి మీద రాడ్డు కొలత ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, సమమైన నేల మీద పెట్టి ఆ కొలతకే బిగించమను. చివర్లో బ్రేకులో గాలి తీయించు. మళ్లీ మైదానానికి వెళ్లి అదే పరీక్ష, ముందువి ముందు ఆగాలి.

లోడు కూడా ఇక బండి పేపర్లలో రాసినంతే. పట్టీ వేసి ఎక్కువ మోయించిన రోజు నుంచే ఈ గోలంతా మొదలైంది.

సెమిలిగుడ పికప్:

క్యాబేజీ మా బావ బండికి ఎక్కించేశాను అన్నా. కమాన్ పని అయింది, వాల్వు బిగుసుకుపోయే ఉంది, కొత్తది వేశారు. బరంపురం అన్నగారు చెప్పినట్టు ముందున్న కొత్త టైర్లు వెనక్కి వేయించి, ముందుకు మంచి జత ఒకటి తీసుకున్నాను, 2016ది పక్కన పడేశాను. మైదానంలో వీడియో మళ్లీ తీశాం, ఇప్పుడు ముందు చక్రాలే ముందు ఆగుతున్నాయి, బండి తిన్నగా నిలబడుతోంది. కోనవలస రోడ్డు మీద వానలో ఖాళీగా వచ్చాను, బ్రేకు వేస్తే తోక కదల్లేదు.

ఘాటీలో గాలి తగ్గించాక చాలావరకు నయం, కానీ పైన రెండు బిగువు మలుపుల్లో తారు నున్నగా అరిగిన చోట వెనక చక్రాలు ఇంకా కాస్త ఊరికే తిరుగుతున్నాయి. మొదటి గేరులో వెళ్తే లేదు. దానికి ఇసుక బస్తాలు వేసుకోవచ్చా, కొత్త సెట్టింగు పాడవుతుందా?

సాలూరు కమాన్ పని:

వేసుకో. ఆ బరువుకు ఛాసీ కొంచెం దిగుతుంది, వాల్వు దానికి తగ్గట్టే ప్రెజరు ఇస్తుంది, అందుకే కదా అది ఉన్నది. బస్తాలు ఇరుసుకు సరిగ్గా పైన పెట్టు, తొట్టి చివర పెడితే ముందు చక్రాలు తేలికైపోతాయి. గుణుపురం తమ్ముడు చెప్పినట్టు తాడు బిగించి కట్టు. లోడు వేసే రోజు మాత్రం బస్తాలు దించెయ్యి, ఆ బరువు కూడా లెక్కలోకే వస్తుంది.